ఆరున్నొకటి

కుళ్లాయప్ప సారు నన్ను ముంచాడని ఆరేళ్లుగా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉన్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు. కాకపోతే ప్రతిసారీ కథను విచారణ గది తలుపు దాకా తెచ్చి అక్కడ ఆపేస్తాను. ఈసారి లోపలికి కూడా తీసుకుపోతాను. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

అది 2003. అనంతపురంలో ఒక కాలేజీ. పేరు చెప్పను, ఆ గోడల మీద నాకేం కోపం లేదు. అక్కడ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాను. మా అమ్మ తిరుపాలమ్మ విత్తనాల మిల్లులో చెనిక్కాయలు ఏరే మనిషి. పుస్తకాల్లో వేరుశనగ అని రాస్తారు, మా నోళ్లకు అది చెనిక్కాయే. నాయన నేను తొమ్మిదో తరగతిలో ఉండగానే పోయాడు. మొదటి రోజు గైడు గదిలో కూర్చోబెట్టి, మీ అమ్మ ఏం చేస్తుందని సారు అడిగితే నేను నీళ్లు నమిలాను. చివరికి మిల్లు మాట చెప్పాక ఆయన గట్టిగా నవ్వాడు.

"దానికెందుకమ్మా అంత సిగ్గు? మాది విడపనకల్లు పక్కన పల్లె. నేనూ చెనిక్కాయల ఇంట్లో పుట్టినోన్నే. మా యమ్మా ఏరిందే, నేనూ ఏరినోన్నే. భయపడొద్దు, ఈడ నేనుండా."

ఆ ఒక్క మాటకు ఆయన్ని తీసుకుపోయి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాను. నా తెలివిని చెప్పుతో కొట్టాలి.

పని సంగతి చెబుతాను, కష్టమేమీ కాదు. గెలాక్సీ అంటే కోట్లకొద్దీ నక్షత్రాల గుంపు. కొన్ని గెలాక్సీల నడుమ నక్షత్రాలు బారుగా ఒక కడ్డీలా చేరి ఉంటాయి. ఆ కడ్డీ రెండు కొనల నుంచి చేతులు చుట్టూ తిరుగుతాయి. వాటిని కడ్డీ గెలాక్సీలంటాం. కడ్డీ మధ్యలో ఒక ఉబ్బు ఉంటుంది. కొన్నిటిలో కాలం గడిచేకొద్దీ కడ్డీ నడిమి భాగం పైకీ కిందికీ వంగి మందమెక్కుతుంది. అప్పుడు పక్కనుంచి చూస్తే ఆ ఉబ్బు అచ్చం రెండు గింజల చెనిక్కాయ. అటొక గింజ, ఇటొక గింజ, నడుమ నొక్కు. నేను చెప్పే పోలిక కాదిది, దేశదేశాల శాస్త్రవేత్తలు కూడా తమ తమ భాషల్లో దాన్ని వేరుశనగ అనే పిలుస్తారు. మరి కొన్ని గెలాక్సీలకు కడ్డీ ఉన్నా ఆ కాయ మాత్రం కాయదు. ఎందుకని? గెలాక్సీ బరువుకూ, నడిమి కాయకూ ఏమైనా సంబంధముందా? ఈ ప్రశ్న నాది. సారు నన్ను వేరే పనిలో పెట్టాడు. నేనే పోయి ఇది అడిగాను. "చూడు పో" అన్నాడు.

డిపార్ట్‌మెంటులో ఉన్న ఒక్క కంప్యూటరు ముందు వంతు కోసం కూర్చుని, రోజుకు మూడో నాలుగో బొమ్మలు దించుకుని, ఎనభై మూడు గెలాక్సీలను కాగితాల మీద అచ్చు తీశాను. వాటి వెలుగును బట్టి ఒక్కోదాని బరువు లెక్కగట్టాను. దేని నడుమ కాయ ఉంది, దేని నడుమ లేదు అని కంటితో చూసి వేరు చేశాను. మూడు నెలలు పట్టింది.

సారు చూసి అన్నాడు: "నీకు వీటి బరువులు తెలుసు. తెలిసిన కన్ను కోరుకున్నదే చూస్తాది. బరువులు తెలీని ఇంకో కన్నుతో ఏరించు. రెండూ కలిస్తేనే లోకం నమ్మేది."

న్యాయమైన మాట. ఆయనకు పని తెలీక కాదు. పని తెలిసిన మనిషే అంత పని చేశాడన్నదే నాకు ఎక్కువ మంట.

తోటి స్కాలర్లను బతిమాలాను. పది బొమ్మలు చూసేసరికి ఒకరికి ఆవులింతలు, ఒకరికి అర్జంటు పని. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేన్లలో కాయ లేదు, మిల్లుకు పని లేదు, అమ్మ ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను బొమ్మలన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంటే వచ్చి నిలబడింది.

"ఏందిమే ఇవి, కాలు పెట్టేకి లేకుండా పరిచినావు?"

"చుక్కల గుంపులు మా. తొక్కొద్దు."

అమ్మ గొంతుక్కూర్చుని ఒక కాగితం తీసుకుంది. కిటికీ వెలుగుకు కాస్త వంచి చూసింది. "దీని నడుమ చెనిక్కాయ ఉండాది చూడు. రెండు గింజల కాయ."

ఆ మాట నేను ఆమె దగ్గర ఎప్పుడూ అనలేదు. ఇంకొకటి అందించాను.

"ఇది లొట్ట," అని పక్కన పడేసింది. లొట్ట అంటే గింజ పట్టని కాయ.

అంతే, ఇక నేను నోరు మూసుకుని కూర్చున్నాను. చదువు రాని మా అమ్మ ఆ మధ్యాహ్నం ఎనభై మూడు గెలాక్సీలను చాట ముందర కూర్చున్నట్టే కూర్చుని ఏరింది. ఇటు కాయలు, అటు లొట్టలు. మధ్యలో ఒక్కసారి అన్నాను, "అనుమానంగా ఉన్నవి వేరే పెట్టు మా" అని. నా వైపు ఎట్లా చూసిందంటే, నేనేదో బూతు మాట అన్నట్టు.

"అనుమానమేంది? కాయైతే కాయ, లొట్టైతే లొట్ట. ముప్పై ఏండ్లు ఏరినా. నేను ఏరిన మూట ఒక్కటన్నా ఎనక్కి వచ్చిందా, అడుగు పో ఆ మిల్లులో."

ఆమె ఏరిందీ నేను ఏరిందీ పోల్చి చూశాను. ఎనభై మూడింటిలో ఎనభై ఒకటి కలిశాయి. మిగతా రెండూ మళ్లీ చూస్తే తప్పు నాది.

తర్వాత బొమ్మలన్నిటినీ బరువును బట్టి ఐదు వరసలుగా పేర్చాను, తేలికవి మొదలు బరువైనవాటి దాకా. ఆమె కాయలన్న బొమ్మల మీద ఒక్కో చింతగింజ పెట్టించాను. "ఏ వరసలో ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టు మా, నేను రాసుకుంటా" అన్నాను.

మా వైపు పంట కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అని కూడా అనరు, అందులో ఏడుపు ఉందని. ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆ తర్వాత ఎనిమిది. మిల్లులో ముప్పై ఏళ్లు అట్లా లెక్కపెట్టిన నోరు, చుక్కలొచ్చాయని మారుతుందా? మొదటి వరసలో ఇరవై ఒకటుంటే కాయ ఒక్కటీ లేదు. రెండో వరసకు "లాభం, రెండు" అని ఆగింది. మూడో వరస పదహారింటిలో "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి" అంది. నాకు నవ్వొచ్చి, ఆమె అన్నది అన్నట్టే నోటుబుక్కులో 6+1 అని రాశాను. నాలుగో వరస పద్నాలుగింటిలో పదకొండు. అయిదో వరస పదమూడింటిలో పన్నెండు.

అమ్మ లేచి నడుం పట్టుకుని వరసలన్నీ ఒకసారి తేరిపార చూసింది. "ఈ కొసన ఉండేవి తేలికవా, పాపా?"

"అవును మా."

"అదే. బరువుండేవాటికే గింజ పట్టిండాది. తేలికవన్నీ లొట్టపోయినాయి."

నేను మూడు నెలలుగా రాద్దామని తంటాలు పడుతున్న వాక్యం అది. ఆమెకు బరువులు ఎవరూ చెప్పలేదు. నేను ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

మర్నాడు నోటుబుక్కు తీసుకుపోయి సారుకు ఇచ్చాను. పేజీ పేజీ తిప్పి చూశాడు. ఆయన కళ్లు మెరవడం నేను చూశాను. "రెండోసారి ఏరిందెవురమ్మా?" అన్నాడు.

"నా స్నేహితురాలు సార్. బెంగుళూరులో ఉంటుంది."

ఆ అబద్ధం ఎందుకాడానో తెలీదని ఇన్నాళ్లూ అనుకున్నాను. తెలుసు. మా అమ్మ అని చెబితే నా పని విలువ తగ్గుతుందనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

"రెండు దినాలు నా దగ్గరుంచు, బాగా చూస్తా," అని నోటుబుక్కు తీసుకున్నాడు. రెండు దినాలు ఎనిమిది నెలలైంది. అడిగినప్పుడల్లా, "పత్రికకు పేపరు రాస్తాండా, నీ పేరే ముందుంటాది, ఎందుకు తొందర?" అనేవాడు. నేను నమ్మాను. ఆ పేపరు నా పేరుతో వస్తే థీసిస్ ఐనట్టే. రాకపోతే నా దగ్గర మిగిలేది ముందుమాట, చివర కృతజ్ఞతలు.

ఒక రోజు అటెండరు ఎర్రప్ప కొత్త పత్రికలు తెచ్చి లైబ్రరీ బల్ల మీద పడేశాడు. "సారుది ఏదో పడిందంట మ్మా, పేజీ మడిచిపెట్టినారు," అన్నాడు సంతోషంగా. మడిచిన పేజీ తీశాను. కడ్డీ గెలాక్సీలు, నడిమి ఉబ్బులు, గెలాక్సీ బరువు. నా ప్రశ్న. పైన కుళ్లాయప్ప పేరు, పక్కన బెంగుళూరు ప్రొఫెసరు ఒకాయన పేరు. నాది లేదు. చివర కృతజ్ఞతల్లో కంప్యూటరు బాగుచేసినవాడి పేరు కూడా ఉంది, నాది లేదు. పత్రిక బల్ల మీద పెట్టి మొత్తం చదివాను.

రెండో పట్టికలో నా అయిదు వరసలూ ఉన్నాయి. మూడో వరసలో 6+1 అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో వివరణ ఉంది: ఆరు నిస్సందేహంగా కాయలు, ఒకటి అనుమానంతో చేర్చినది, అది జాబితాలో యాభై రెండో గెలాక్సీ.

నాకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. దొంగ వేలిముద్ర వదిలిపోయాడు. మూడో వరసలో అనుమానం లేదు. ఏ వరసలోనూ లేదు. అది ఏడు, అంతే. యాభై రెండోది అనుమానమన్నది ఆయన ఊహ.

పత్రిక పట్టుకుని ఆయన గదికి పోయాను. నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "నీ పేరు ఏద్దామనే అనుకుంటి హేమలతా. బెంగుళూరు ఆయన ఒప్పుకోలా. వచ్చే పేపర్లో చూస్తాంలే."

"సార్, ఈ ఆరు ప్లస్ ఒకటి ఏంది?"

"అనుమానం ఉండేది. నువ్వే కదా రాసినావు."

"ఆరున్నొకటి సార్," అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత పెదవులు కదిలాయి, లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు. ముఖం నల్లబడిపోయింది. "మా యమ్మ..." అని ఆగిపోయాడు. నేనూ చెనిక్కాయల ఇంట్లో పుట్టినోన్నే అన్న మనిషి, ఏడును ఎట్లా పలుకుతారో మరిచిపోయాడు. నా పేరు కొట్టేశాడన్నదాని కంటే అప్పుడు అదే నాకు గుండెల్లో గుచ్చుకుంది.

"ఎవురు లెక్కపెట్టినారు?" అన్నాడు మెల్లగా.

"మా యమ్మ. ఏరింది కూడా మా యమ్మే. స్నేహితురాలు గినేహితురాలు ఎవరూ లేరు."

ఆయన పత్రిక మూసేశాడు. గొంతు మార్చాడు. "బైట చెప్పుకుంటే నీకే నగుబాటు. మిల్లులో ఏరే ఆడమనిషితో గెలాక్సీలు ఏరించిందంట అని నవ్వుతారు. నీ మంచికే చెప్తాండా."

అయినా కాలేజీ పెద్దలకు ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఇంటికి పోయి అమ్మకు అంతా చెప్పాను. పేరు పోయిందంటే ఆమెకు సగమే అర్థమైంది. యాభై రెండో బొమ్మ తీసి, దీన్ని అనుమానం అని అచ్చు వేశాడు మా అన్నాను. అప్పుడు లేచింది కోపం.

"ఇదా అనుమానం? ఇదే కదమే అన్నిట్లోకి గట్టి కాయ! వాని కండ్లు యాడ పెట్టుకున్న్యాడు? పిలిస్తే నేనూ వస్తా. ఏడు అనకుండా ఆరున్నొకటి అన్నది నేనని చెప్తా. ఎట్ల ఏరినానో సూపిస్తా."

"రా మా," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

విచారణ రోజు పొద్దున పది గంటలకల్లా అమ్మ తయారు. ఉతికిన చీర కట్టింది, తలకు నూనె రాసింది, కొంగు మూటలో గుప్పెడు చెనిక్కాయలు కట్టుకుంది, కాయ ఏది లొట్ట ఏది అని పెద్దవాళ్లకు చూపించడానికి. గది బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. "పిలుస్తా మా, పిలవగానే రా," అన్నాను. తలూపింది. గది తలుపు తెరిచే ఉంది, ఆకుపచ్చ తెర ఒకటి వేలాడుతోంది. నేను లోపలికి పోయాక ఆ తెర కింద నుంచి ఆమె పాదాలు కనబడుతున్నాయి.

లోపల ముగ్గురు పెద్దలు. పక్కన కుళ్లాయప్ప సారు. అధ్యక్షుడు ఎక్కడో కోస్తా వైపు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఏమ్మా, ఏడుని ఆరు ప్లస్ ఒకటి అని ఎవరైనా రాస్తారా?"

"మా వైపు పంట లెక్కపెట్టేటప్పుడు ఏడు అనరు సార్. ఆరున్నొకటి అంటారు."

"గెలాక్సీలు పంటా?" అన్నాడు. ముగ్గురిలో ఒకాయన దగ్గినట్టు చేసి నవ్వాడు.

"సరేనమ్మా. మీ గైడుగారితో ఎవరో స్నేహితురాలని చెప్పావట. ఇంతకీ అలా లెక్కపెట్టింది ఎవరు?"

అదీ ప్రశ్న. నా కేసంతా ఆ ప్రశ్న మీదే ఉంది. నేను తెర వైపు చూశాను. పాదాలు కదిలాయి. అమ్మ లేచి నిలబడింది, పిలుస్తానని. నాకు ఆ రబ్బరు చెప్పులు కనబడ్డాయి, ఒకదానికి పట్టీ బదులు పిన్నీసు. ఆమె వచ్చి ఈ నేల మీద గొంతుక్కూర్చుని కొంగు మూట విప్పుతుంది. దగ్గిన పెద్దమనిషి మళ్లీ దగ్గుతాడు. మిల్లులో ఏరే ఆడమనిషితో గెలాక్సీలు ఏరించిందంట.

"నేనే సార్," అన్నాను.

"రెండోసారి వేరు చేసింది కూడా?"

"నేనే సార్."

కలం చప్పుడు వినబడింది. "అంటే స్వతంత్రంగా రెండో పరిశీలన జరగనే లేదన్నమాట. గైడుకి అబద్ధం చెప్పావు." తర్వాత అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఫిర్యాదు కొట్టేశారు. నాకు ఒక హెచ్చరిక కాగితం.

కుళ్లాయప్ప సారుకు నిజం తెలుసు. ఆయన గదిలో నేనే చెప్పాను. ఒక్క మాట అంటే నా అబద్ధం అక్కడే బయటపడేది, అనలేదు. నా వైపు చూశాడు. ఆ ముఖంలో గెలిచానన్న సంబరం లేదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టినట్టు చూశాడంతే. ఆయన నా పని తన పేరు మీద వేసుకున్నాడు. నేను మా అమ్మ పనిని నా పేరు మీద వేసుకున్నాను. ఆయన దానికి ఎనిమిది నెలలు తీసుకున్నాడు, నాకు ఒక్క నిమిషం చాలింది.

బయటికి వచ్చేసరికి అమ్మ ఇంకా నిలబడే ఉంది. లోపల ఏమన్నారని అడగలేదు. "పోదాం పా," అంది.

బస్టాపులో నీడ లేదు. ఇద్దరం రాతి దిమ్మె మీద కూర్చున్నాం. నాకు ఏదో ఒకటి చెప్పాలని ఉంది. వాళ్లు నవ్వుతారని భయపడ్డానని చెబితే, ఆమెను చూసి నవ్వుతారని చెప్పినట్టే కదా. అమ్మ కొంగు మూట విప్పింది. "పొద్దున్నుంచి ఏమీ తినల్యా నువ్వు. చెయ్యి పట్టు," అంది. కాయలు ఒక్కొక్కటే నా అరచేతిలో వేయసాగింది. పెదవుల మీద లెక్క. ఏవి వేసినా లెక్కపెట్టకుండా వేయదు ఆమె.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

ఏడో కాయ వేళ్ల మధ్య పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఏడు," అంది.

"ఏడు అన్నావేంది మా?" అన్నాను.

"ఆరున్నొకటి అంటే లెక్కపెట్టింది ఎవురో తెలిసిపోతాది గదా పాపా," అంది.

కోపంగా అనలేదు. నాకు మేలు చేస్తున్నట్టే అంది. బస్సొచ్చింది, ఆమె ముందు ఎక్కి నాకు సీటు పట్టింది. మరుసటి ఏడు వానలు పడ్డాయి, మిల్లు తెరిచారు, అమ్మ పనికి పోయింది. ఇంట్లో మాత్రం ఆ రోజు తర్వాత ఆమె నోట లాభం అన్న మాట గానీ ఆరున్నొకటి అన్న మాట గానీ నేను వినలేదు.